కుందేలు ఒంటి భాష: ఏది మామూలు, ఏది ప్రమాదం?

ఆకలేస్తే ఆవు అంబా అంటుంది. కోడికి జబ్బు చేస్తే రెక్కలు వాల్చి ఓ మూల ముడుచుకుంటుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. కుందేలు మాత్రం చప్పుడు చేయదు. పొద్దున మేత వేయడానికి వెళ్లేసరికి బోనులో బిగుసుకుపోయి కనిపిస్తుంది. ‘నిన్న సాయంత్రం బాగానే ఉందే!’ అని కుందేళ్లు సాకేవాళ్లు ఎప్పుడో ఒకసారి అనుకునే ఉంటారు.

నిజానికి చాలాసార్లు నిన్న సాయంత్రానికే దానికి బాగాలేదు. మేత తొట్టిలో దాణా మిగిలింది. బోను కింద పెంటికలు తగ్గాయి. కూర్చునే తీరు మారింది. అది చెప్పింది, మనం గమనించలేదు. పాలిచ్చే తల్లి ఒకటి పోతే దాని వెనకే ఆరేడు పిల్లలు పోతాయి. పది కుందేళ్లున్న చిన్న రైతుకు అది చిన్న నష్టం కాదు. అందుకే మందుల పేర్లు నేర్చుకునే ముందు కుందేలు ఒంటి భాష నేర్చుకోవాలి. పిల్లల ముచ్చట కోసం ఇంట్లో ఒక జత పెంచుకునేవారికీ ఇదే వర్తిస్తుంది.

జబ్బును ఎందుకు దాచుకుంటుంది?

మనం పెంచే తెల్ల కుందేళ్లు, బూడిదరంగు కుందేళ్లు అన్నీ యూరప్‌లోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల అడవి కుందేలు సంతతి. నక్క, గద్ద, పాము అన్నిటికీ అది ఆహారమే. మందలో కుంటుతూ, నీరసంగా కనిపించేదాన్నే వేటాడే జంతువు ముందు పట్టుకుంటుంది. అందుకే ఒంట్లో బాగాలేకపోయినా బాగున్నట్టే కనిపించడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. బోనులో పెట్టి ఎన్ని తరాలు పెంచినా ఆ గుణం పోలేదు.

మన చేలల్లో తిరిగే చెవులపిల్లి దీనికి దూరపు చుట్టమే గానీ వేరే జాతి. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. చెవులపిల్లిని పట్టి పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి ఆ ప్రయత్నం చేయకండి.

రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు

కుందేళ్లు తెల్లవారుజామున, సాయంత్రం పొద్దువాలాక చురుగ్గా ఉంటాయి. మిట్టమధ్యాహ్నం పడుకుంటాయి. కాబట్టి మధ్యాహ్నం మగతగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. పొద్దున, సాయంత్రం మేత వేసే వేళ చురుకు లేకపోతేనే అనుమానించాలి.

షెడ్డులోకి వెళ్లగానే మేత వేయకండి. రెండు నిమిషాలు దూరంగా, కదలకుండా నిలబడి చూడండి. తర్వాత మెల్లగా మాట్లాడుతూ పక్క నుంచి దగ్గరికి వెళ్లండి. కుందేలు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ ముక్కుకు ఎదురుగా ఉన్నది మాత్రం కనిపించదు. ముక్కు ముందుకు హఠాత్తుగా చెయ్యి పెడితే బెదిరిపోయేది అందుకే.

ఈ వరసలో చూసుకోండి:

- మేత తొట్టి: నిన్న వేసింది తిన్నదా, మిగిల్చిందా?
- నీళ్లు: ఎన్ని తగ్గాయి? నిపుల్ గొట్టాలైతే నీళ్లు వస్తున్నాయో లేదో వేలితో నొక్కి చూడండి. నీళ్లందని కుందేలు మేత మానేస్తుంది.
- బోను కింద: పెంటికలు ఎన్ని ఉన్నాయి, ఎంత సైజులో ఉన్నాయి?
- కుందేలు: మేత వేయగానే ముందుకు వచ్చిందా, వెనక్కి నక్కిందా?

ప్రతి బోనుకూ ఒక అట్ట కట్టి, దాటించిన తేదీ, ఈనిన తేదీతోపాటు మేత మానేసిన రోజు కూడా రాసుకోండి. ఏ కుందేలుకు ఏది మామూలో తెలిస్తేనే ఏది మామూలు కాదో తెలుస్తుంది.

చెవులు, కళ్లు, ముక్కు ఏం చెబుతాయి?

చెవులు నిలబెట్టి చప్పుడు వచ్చినవైపు తిప్పుతుంటే చుట్టూ గమనిస్తోందని అర్థం. చెవులు వెనక్కి వాలి, ఒళ్లు వదులుగా, కళ్లు సగం మూసి ఉంటే విశ్రాంతి. అవే చెవులు వీపుకు గట్టిగా అతుక్కుని, ఒళ్లు బిగుసుకుని, కళ్లు పెద్దవి చేసి ఉంటే భయం. చెవులు వెనక్కి వాల్చి, తోక పైకెత్తి, మెడ ముందుకు చాచి గుర్రుమంటే కోపం. అప్పుడు చెయ్యి పెడితే కరుస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న కుందేలు కళ్లు నిగనిగలాడుతుంటాయి. కంట్లో నీరు కారినా, పుసులు కట్టినా, మూల నుంచి తెల్లటి పొర కంటి మీదికి వచ్చినా పరీక్ష చేయించాలి. కళ్లు తెరిచే నిద్రపోవడం మాత్రం వీటికి మామూలే.

మెలకువగా ఉన్నప్పుడు ముక్కు కొస అదురుతూ ఉంటుంది. నిద్రలో ఆ అదురు నెమ్మదిస్తుంది. ముక్కు తడిగా ఉండి, తుమ్ములు వస్తూ, ముందు కాళ్ల లోపలివైపు బొచ్చు అట్టకట్టి ఉంటే అది జలుబు జబ్బు. కారే ముక్కును ముందు కాళ్లతో తుడుచుకోవడం వల్ల బొచ్చు అలా అట్టకడుతుంది. దీనికి ఎక్కువగా పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి కారణం. పక్క బోన్లకు పాకుతుంది కాబట్టి ఆ కుందేలును వెంటనే వేరుచేయండి.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. డొక్క ఎన్నిసార్లు కదులుతోందో అర నిమిషం చూసి రెట్టింపు చేయండి. విశ్రాంతిలో నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఉండటం మామూలు. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. నోరు తెరిచి ఎగపోస్తుంటే ప్రాణాపాయమే.

కూర్చునే తీరు, చేసే చప్పుడు

- పక్కకు దభీమని పడి కాళ్లు చాపడం: మొదటిసారి చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుంటారు. భయం లేదని, హాయిగా ఉందని చెప్పే గుర్తు ఇది. మెల్లగా పిలిస్తే తల ఎత్తుతుంది.
- ఎగిరి గాల్లో ఒళ్లు మెలితిప్పడం: సంతోషం. కాస్త చోటున్న బోన్లలో, ముఖ్యంగా పిల్లల్లో కనిపిస్తుంది.
- గడ్డాన్ని బోనుకు, గిన్నెకు రుద్దడం: గడ్డం కింద వాసన గ్రంథి ఉంటుంది. ‘ఇది నాది’ అని గుర్తు పెట్టుకుంటోంది. దురద కాదు.
- వెనక కాలితో నేలను దబదబ కొట్టడం: ప్రమాదం ఉందని మిగతావాటికి హెచ్చరిక. రాత్రిపూట షెడ్డులో ఈ చప్పుడు వినిపిస్తే లైటు తీసుకుని వెళ్లండి. పాము, పిల్లి, కుక్క, పందికొక్కు ఏదో ఒకటి వచ్చి ఉండొచ్చు. ఒక్క నిమిషం బద్ధకిస్తే పొద్దుటికి పిల్లలుండవు.
- నిమిరినప్పుడు పళ్లు సన్నగా ఆడించడం: హాయి.
- పళ్లు గట్టిగా పటపట కొరకడం: నొప్పి. పైగా వీపు గూనిలా ఉబ్బించి, కళ్లు సగం మూసి, మూలకు తిరిగి కూర్చుంటే కడుపునొప్పి అని అనుమానించాలి.
- కీచుమని అరవడం: కుందేలు అరిచిందంటే విపరీతమైన భయమో, భరించలేని నొప్పో ఉన్నట్టే. వెంటనే వెళ్లి చూడండి. దాటింపు సమయంలో మగది చేసే చిన్న అరుపు దీనికి మినహాయింపు.
- వెల్లకిలా తిప్పితే కదలకుండా ఉండటం: బుద్ధిగా ఉందనుకోకండి. శత్రువుకు చిక్కినప్పుడు భయంతో కొయ్యబారిపోవడం అది. పిల్లలు ఆటగా ఇలా చేస్తుంటే మాన్పించండి.

వింతగా కనిపించినా మామూలే

కొత్తగా పెంపకం మొదలుపెట్టిన రైతులు ఎక్కువగా కంగారుపడేది వీటిని చూసే.

*తన మలం తానే తినడం.* కుందేలు రెండు రకాలుగా విసర్జిస్తుంది. పగలు మనకు కనిపించేవి గుండ్రటి గట్టి పెంటికలు. రాత్రిపూట, తెల్లవారుజామున మెత్తగా, జిగురుగా, చిన్న ద్రాక్షగుత్తిలా వచ్చేది వేరు. దాన్ని నేలమీద పడనీయకుండా నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది. పశువు నెమరు వేసినట్టే ఇదీ. మొదటిసారి జీర్ణం కాని పోషకాలు, బి విటమిన్లు దీంతో అందుతాయి. దీన్ని ఆపకూడదు. ఈ మెత్తటి గుత్తులు తినకుండా బోనులోనే పడి ఉంటే మాత్రం దాణా ఎక్కువై గడ్డి తక్కువైందని గానీ, నొప్పి వల్ల వంగలేకపోతోందని గానీ అర్థం.

*ఎర్రటి మూత్రం.* కుందేలు మూత్రం పసుపు, నారింజ, ఇటుక రంగుల్లో రావచ్చు. సున్నపు నీళ్లలా తెల్లగానూ రావచ్చు. తిన్న మేతలోని రంగు, ఒంట్లో మిగిలిన కాల్షియం ఇందుకు కారణం. చురుగ్గా ఉండి మేత తింటుంటే భయం లేదు. మూత్రానికి ముక్కుతూ కూర్చున్నా, రక్తపు చారలు, గడ్డలు కనిపించినా చూపించాలి.

*మగది పక్కకు పడిపోవడం.* దాటింపు పూర్తవగానే మగ కుందేలు చిన్నగా అరిచి పక్కకో, వెనక్కో పడుతుంది. దాటింపు సరిగ్గా జరిగిందనడానికి అదే గుర్తు. ఎప్పుడూ ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. ఆడ కుందేలు తన చోటును కాపాడుకుంటుంది. దాని బోనులో మగదాన్ని వదిలితే కరిచి గాయపరుస్తుంది.

*చూడి లేకుండానే బొచ్చు పీకడం.* చూడి కుందేలు 30 నుంచి 32 రోజులకు ఈనుతుంది. ఈనేముందు గడ్డి నోట కరుచుకుని తిరుగుతుంది, పొట్ట మీది బొచ్చు పీకి గూడు కడుతుంది. 28వ రోజుకే ఈత పెట్టె సిద్ధంగా పెట్టాలి. దాటించిన తర్వాత 16 నుంచి 18 రోజులకే ఇలా చేస్తే అది ఉత్తుత్తి చూడి. దానంతటదే తగ్గుతుంది, మళ్లీ దాటించుకోవచ్చు. వీటితో సంబంధం లేకుండా బొచ్చు పీక్కుంటుంటే పీచు మేత చాలకపోవడమో, గజ్జి పురుగులో కారణం కావచ్చు.

*తల్లి పిల్లల దగ్గర కూర్చోకపోవడం.* కోడిలా కుందేలు పిల్లల మీద కూర్చోదు. రోజుకు ఒకసారి, ఎక్కువగా రాత్రి లేదా తెల్లవారుజామున, మూడు నుంచి ఐదు నిమిషాలు పాలిచ్చి బయటికి వచ్చేస్తుంది. తన వాసనతో శత్రువులు గూటి దగ్గరికి రాకూడదని అడవిలో నేర్చుకున్న జాగ్రత్త అది. తల్లి పాలివ్వట్లేదని పట్టుకుని బలవంతంగా పెట్టెలో కూర్చోబెట్టే ముందు పిల్లల పొట్టలు చూడండి. పొట్ట నిండుగా, గుండ్రంగా ఉండి, పిల్లలు ఒకదాన్నొకటి అతుక్కుని నిశ్శబ్దంగా పడుకుంటే పాలు అందాయి. చర్మం ముడతలు పడి, పొట్ట లోపలికి పోయి, చెయ్యి పెట్టగానే కదులుతూ అరుస్తుంటే ఆకలితో ఉన్నాయి. అప్పుడు తల్లి పొదుగు తడిమి చూడండి. వేడిగా, గట్టిగా, ఎర్రగా లేదా నీలంగా ఉంటే పొదుగువాపు. ఆ తల్లికి వైద్యం చేయించాలి. దాని పిల్లలను మాత్రం వేరే తల్లికి వేయకూడదు, జబ్బు ఆ తల్లికీ అంటుకుంటుంది. జబ్బు ఏమీ లేకుండా పాలు మాత్రమే చాలకపోతే, రెండు మూడు రోజుల తేడాలో ఈనిన వేరే తల్లి పిల్లల్లో కలపవచ్చు.

తల్లి పిల్లలను తినేస్తే ‘పాపిష్టిది’ అని అమ్మేయకండి. ఈనిన రోజు నీళ్లు అందకపోవడం, కుక్కల అరుపులు, జనం గుమిగూడటం, తొలి ఈత కావడం ఎక్కువగా కారణాలు. చచ్చి పుట్టిన పిల్లలను, మాయను తినడం మామూలే. వరసగా రెండు మూడు ఈతల్లో బతికున్న పిల్లలను చంపితేనే ఆ తల్లిని తీసేయాలి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

*1. మేత ముట్టకపోవడం, పెంటికలు ఆగిపోవడం.* అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు ఇదే. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. మేత ఆగితే పేగులు ఆగుతాయి, పేగులు ఆగితే గాలి చేరుతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. ఒక పూట పూర్తిగా మేత ముట్టకపోతే గమనించాలి. 12 గంటలు దాటినా మేత తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే అది అత్యవసరం. పెంటికలు చిన్నవై ఎండిపోయినట్టున్నా, బొచ్చుతో దండలా ఒకదానికొకటి అతుక్కుని వచ్చినా గడ్డి పెంచాలని ముందస్తు హెచ్చరిక.

*2. పారుడు.* తల్లి నుంచి వేరుచేసిన పిల్లలు పొట్ట పెద్దదై, వెన్ను తేలి, పలచగా విసర్జిస్తుంటే కాక్సిడియోసిస్ కావచ్చు. తడి నేల, మలంతో కలిసిన మేత దీనికి మూలం. జిగురు మాత్రమే పడుతూ, పళ్లు కొరుకుతూ ముడుచుకుంటే పేగుల జబ్బు. రెండిట్లోనూ పిల్లలు వేగంగా నీరసిస్తాయి. మేతను ఒక్కసారిగా మార్చినా పారుడు వస్తుంది. కొత్త మేతను వారం రోజుల్లో కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయండి.

*3. మేత దగ్గరికి వచ్చి తినకపోవడం.* ఆకలిగా వచ్చి, నోట్లో పెట్టుకుని వదిలేస్తుంటే, గడ్డం తడిగా ఉంటే పళ్లు చూడండి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతాయి. పై పళ్లు, కింది పళ్లు సరిగ్గా కలవకపోతే అరగవు, వంకర తిరిగి నోటిని గుచ్చుతాయి. గడ్డి బాగా నమిలితేనే అరుగుతాయి. పుట్టుకతో వంకర పళ్లున్న వాటిని సంతతికి వాడకండి.

*4. తల విదిలించడం, చెవి గోక్కోవడం.* చెవి లోపల గోధుమరంగు పక్కు పొరలు పొరలుగా ఉంటే చెవి గజ్జి. పక్కును లాగి పీకకండి, విపరీతంగా నొప్పి. డాక్టరు ఇచ్చే మందుతో అదే రాలిపోతుంది. ముక్కు, చెవి అంచులు, కాలివేళ్ల మీద పొట్టు కడితే ఒంటి గజ్జి. ఇది మనుషులకూ అంటుకుంటుంది కాబట్టి చేతికి తొడుగు వేసుకుని పట్టుకోండి.

*5. మెడ వంకర పోవడం, గుండ్రంగా తిరగడం.* చెవి లోపలి జబ్బు గానీ, మెదడుకు సోకే పరాన్నజీవి గానీ కారణం. గాలి సోకిందని వదిలేయకండి, తొందరగా చూపిస్తే కొన్ని కోలుకుంటాయి.

*6. కాళ్లు మార్చి మార్చి పెట్టడం.* వెనక కాళ్ల అడుగున బొచ్చు పోయి పుండ్లు పడ్డాయేమో చూడండి. తీగ అడుగున్న బోన్లలో బరువైన కుందేళ్లకు ఇది ఎక్కువ. కూర్చోవడానికి ఒక చెక్క పలక వేసి, పొడిగా ఉంచండి.

*7. వెనకభాగం తడిసి ఉండటం.* వానాకాలంలో ఈగలు అక్కడ గుడ్లు పెడతాయి. ఒక్కరోజులోనే పురుగులు పట్టి కండను తొలుస్తాయి. రోజూ తోక ఎత్తి చూడండి.

*8. మచ్చికైనది హఠాత్తుగా కరవడం.* ఎక్కడో నొప్పి ఉందేమో వెతకండి. మగ పిల్లలు మూడు నెలలు దాటాక ఒకేచోట ఉంటే కొట్టుకుంటాయి, వేరుచేయాలి.

ఎండాకాలం సంకేతాలు

కుందేలుకు చెమట పట్టదు. ఒంటి వేడిని ముఖ్యంగా చెవుల ద్వారా బయటికి పంపుతుంది. అందుకే 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో నష్టాలు ఎక్కువగా ఉండేది అందుకే. బోనులో బార్లా చాపుకుని పడుకోవడం, చెవులు ఎర్రగా వేడెక్కడం, డొక్కలు ఎగరేయడం, ముక్కు తడవడం, నోరు తెరవడం, చివరికి తూలిపడటం. ఈ వరసలోనే వస్తాయి. మొదటి రెండు గుర్తుల దగ్గరే మేలుకోవాలి.

వెంటనే నీడలోకి, గాలి తగిలే చోటికి మార్చండి. చెవులను మామూలు చల్లటి నీళ్లతో తడపండి. ఐసునీళ్లలో ముంచకండి, ఆ అదురుకే చనిపోవచ్చు. షెడ్డు చుట్టూ తడి గోనెపట్టాలు కట్టండి, మేత చల్లబడిన వేళల్లో వేయండి. పిల్లల తల్లి ఎండల్లో రోజుకు లీటరు, అంతకంటే ఎక్కువ నీళ్లు కూడా తాగుతుంది.

డాక్టరు వచ్చేలోపు

- జబ్బు కుందేలును వేరే బోనులో, చప్పుడు లేని నీడ చోట పెట్టండి. చివరగా దానికే మేత వేసి చేతులు కడుక్కోండి.
- దాణా ఆపి, మంచి ఎండు గడ్డి, శుభ్రమైన నీళ్లు ఉంచండి.
- పొట్ట డోలులా ఉబ్బి ఉంటే నోట్లో ఏదీ బలవంతంగా పోయకండి.
- ఎప్పటి నుంచి మేత మానేసింది, పెంటికలు ఎలా ఉన్నాయి, మేత ఏం మార్చారు అనేవి డాక్టరుకు చెప్పండి. అట్ట మీద రాసుకున్నది ఇక్కడే అక్కరకొస్తుంది.
- దగ్గర్లోని పశువైద్యశాలకు గానీ, సంచార పశువైద్య సేవల నంబరు 1962కు గానీ ఫోన్ చేయండి.

సొంత వైద్యం మాత్రం వద్దు. ‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు’ అన్నట్టు, గేదెకు పనిచేసిన మందు దీనికీ పనిచేస్తుందని పట్టుబట్టకండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చి, పారుడు పట్టి ప్రాణమే పోతుంది. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ కూడా కుందేలుకు విషం. షాపులో మందు అడిగేటప్పుడు ‘కుందేలుకు’ అని చెప్పి, డాక్టరు రాసిందే తీసుకోండి.

పట్టుకునే తీరు

చెవులు పట్టి లేపకండి. భుజాల మీది వదులు చర్మాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి వెనకభాగం కింద ఆనించి ఒంటికి హత్తుకోవాలి. వెనకభాగానికి ఆసరా లేకపోతే ఒక్క తాపుకు దాని నడుమే విరుగుతుంది. వెనక కాళ్లు ఈడ్చే కుందేళ్లలో కొన్ని ఇలా మన చేతుల్లోనే దెబ్బతిన్నవి.

కొత్తగా కొన్నవాటిని రెండు మూడు వారాలు వేరుగా ఉంచి, వాటి తీరు చూశాకే మందలో కలపండి. ఈ రోజు సాయంత్రం మేత వేసేముందు ఒక్కసారి ఆగి చూడండి. మేత వాసనకు అన్నీ ముందుకొచ్చి ఒకటి మాత్రం మూలనే కూర్చుందంటే, ముందు చూడాల్సింది దాన్నే.